మా ఇంటి పదవ తరగతి

పదవ తరగతి చదివే బిడ్డను మనం రెండు ప్రశ్నలు అడుగుతాము. ఎన్ని గంటలు చదువుతున్నావు? ఎన్ని మార్కులు వస్తాయి? ఆ గంటలు ఆ బిడ్డకు ఎక్కడినుంచి దొరుకుతాయన్నది మూడవ ప్రశ్న. అది ఇంటిల్లిపాదీ తమను తాము వేసుకోవలసిన ప్రశ్న కనుక కాబోలు, ఎవరూ వేసుకోరు. నేను 2022-23లో కడపలో పదవ తరగతి చదివాను. ఆ సంవత్సరం నేను నేర్చుకున్నవాటిలో కొన్ని బడిలో నేర్చినవి, కొన్ని అబ్బా కుట్టుమిషన్ పక్కన నేర్చినవి.

మొదటి కష్టం గణితంతో వచ్చింది. 2020 మార్చిలో బడులు మూతపడేనాటికి మేము ఏడవ తరగతిలో ఉన్నాము. ఎనిమిదవ తరగతిలో నెలల తరబడి బడి లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను అబ్బాది. బట్టలు కుట్టించుకునేవారు దానికే ఫోన్ చేసేవారు. ఆ లోటు రెండేళ్ల తర్వాత బయటపడింది. పదవ తరగతిలో వర్గ సమీకరణాలు సాధించాలంటే కారణాంక విభజన రావాలి. అదేమో ఎనిమిదవ తరగతి పాఠం. నాలాంటివారు తరగతిలో చాలామందే ఉన్నారు. మా ముందు సంవత్సరం, అంటే 2022లో, ఆంధ్రప్రదేశ్‌లో పదవ తరగతి ఉత్తీర్ణత 67.26 శాతం మాత్రమే. దాదాపు ముగ్గురిలో ఒకరు తప్పారు. మా వీధిలో తల్లులందరికీ ఆ భయం పట్టుకుంది.

మా గణితం టీచరు నన్ను ఎనిమిదవ తరగతి పుస్తకం మొదటినుంచి చేయమన్నారు. తమ్ముడు ఆ ఏడాది ఎనిమిదిలోనే ఉన్నాడు. అక్క తన పుస్తకం అడిగినందుకు వాడు రెండు రోజులు నవ్వాడు. తర్వాత ఇషా నమాజు అయ్యాక ఇద్దరమూ ఒకే పుస్తకం ముందు కూర్చునేవాళ్లము. వాడికి చెప్పాలంటే ముందు నాకు అర్థం కావాలి. అర్థమైందో లేదో వాడి ముఖం చూస్తే తెలిసిపోయేది. సంక్రాంతి సెలవుల నాటికి నాకు వర్గ సమీకరణాలంటే భయం పోయింది. వాడికి గణితంలో తరగతిలో మంచి పేరు వచ్చింది.

రెండవ కష్టం క్యాలెండరులో ఉంది. పరీక్షలు ఏప్రిల్ 3న మొదలవుతాయని ప్రకటించారు. రమజాన్ మాసం మార్చి 24 ప్రాంతంలో ప్రారంభమవుతుంది. అంటే పరీక్షలన్నీ ఉపవాసాలలోనే. ఉపవాసం మాకు కొత్త కాదు, దాని గురించి దిగులూ లేదు. దిగులు మరొకటి. అబ్బా దర్జీ. షాబాన్‌లో మొదలయ్యే ఈద్ గిరాకీ మీదే మా ఇల్లు నెలల తరబడి నడుస్తుంది. పఠానీలు, కుర్తా పైజామాలు అబ్బా కుడతారు. అంచుల కుట్టు అమ్మీ చూస్తుంది. చేతి కాజాలు, గుండీలు నా వంతు. పన్నెండేళ్ల వయసునుంచి రమజాన్ రాత్రులలో తరావీహ్ తర్వాత నా చోటు సూదీదారం దగ్గరే.

ఈ సంగతి తెలిసిన బంధువులు ఒకరు, "ఆడపిల్ల సబ్ర్ పట్టాలి. ఈ ఏడు కాకపోతే సప్లిమెంటరీ రాస్తుంది. ఇంటి గడుపు ముందు కదా!" అన్నారు. వారి మాటలో చెడు ఉద్దేశం లేదు. మన ఇళ్లలో ఆ మాట చాలా ప్రేమగానే అంటారు. మంచం మీద తస్బీహ్ తిప్పుతున్న దాదీమా మాత్రం, "సబ్ర్ అంటే కష్టంలో పని వదిలిపెట్టకుండా నిలబడడం. నోరు విప్పవద్దని నీకు ఎవరు చెప్పారు? వెళ్లి మీ అబ్బాతో మాట్లాడు" అన్నది.

ఆ రాత్రి పరీక్షల కాలపట్టికను, గోడ మీది క్యాలెండరును అబ్బా ముందు పెట్టాను. "అబ్బా, రోజుకు మూడు గంటలు సూది పడితే నేను నాలుగు జతలు పూర్తి చేస్తాను. ఆ మూడు గంటలు ఈ నెల మీరు నాకు ఇవ్వగలరా?" అని అడిగాను. అబ్బా చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆర్డర్ల పుస్తకం తెరిచి లెక్క వేశారు. "బేటీ, ఈసారి ముప్పై జతలు తక్కువ ఒప్పుకుంటాను. కాజాలు బయట మిషన్ మీద వేయిద్దాం. కాని ఈ ఈద్‌కు మన ఇంట్లో ఎవరికీ కొత్త బట్టలు ఉండవు" అన్నారు.

అమ్మీ కళ్లు చెమ్మగిల్లాయి. "దర్జీ పిల్లలు పాత బట్టలతో పండుగ చేసుకుంటే పదిమంది ఏమనుకుంటారు?" అన్నది. "గిరాకీ ఎక్కువై సొంత పిల్లలకు కుట్టే తీరిక లేకపోయిందనుకుంటారు. మంచిదేగా!" అని అబ్బా నవ్వారు.

ఆ నెల మా ఇంటి పద్ధతి మారిపోయింది. సహరీ, ఫజ్ర్ నమాజు తర్వాత మనసు తేటగా ఉండేది. ఆ రెండు గంటలు గణితానికి, భౌతికశాస్త్రానికి ఇచ్చాను. పరీక్ష ఉదయం 9.30 నుంచి 12.45 వరకు. ఎండలో ఇంటికి వచ్చి, జుహ్ర్ తర్వాత ఒక గంట నిద్రపోయేదాన్ని. అస్ర్ తర్వాత గొంతు తడారిపోయినా సాంఘికశాస్త్రం పైకి చదివేదాన్ని, ఎందుకంటే అమ్మీ అంచులు కుడుతూ వినేది. అయిదవ తరగతితో చదువు ఆపేసిన మా అమ్మీ మొదటి ప్రపంచ యుద్ధం కథ విని, "ఆ తర్వాత ఏమైంది?" అని అడిగేది. ఆమెకు చెప్పిన పాఠం నేను మళ్లీ చదవవలసిన అవసరం రాలేదు. ఇస్త్రీ, బట్టలు ఇచ్చిరావడం తమ్ముడు తన మీద వేసుకున్నాడు. అంతవరకు అవి కూడా నా పనులే.

ఆరు పేపర్లూ ఉపవాసంతోనే రాశాను. ఫలితాలు వచ్చినప్పుడు నాకు 600కు 431, గణితంలో 58. పత్రికలో ఫోటో వేసే మార్కులు కావవి. కాని ముందు ఏడు ఆ సబ్జెక్టులో తప్పుతానని అందరూ అనుకున్న పిల్ల ఇంటర్మీడియెట్‌లో చేరింది. వదులుకున్న ముప్పై జతల వల్ల అంగడి అద్దె బాకీపడింది. అది బక్రీద్ గిరాకీతో గాని తీరలేదు. ఆ బాకీ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ నన్ను దెప్పలేదు.

నా ఇంటర్ రెండవ సంవత్సరం పరీక్షలు 2025 మార్చిలో జరిగాయి. అవి కూడా రమజాన్‌లోనే వచ్చాయి. అప్పుడు నేను ఎవరినీ అడగవలసిన పని లేకపోయింది. జనవరిలోనే అబ్బా స్వయంగా కాలపట్టిక తెమ్మన్నారు. నేను ఎదిగానని అందరూ అంటారు. నిజానికి ఎదిగింది మా ఇల్లంతా.

మీ ఇంట్లో ఈ ఏడు పదవ తరగతి చదివే బిడ్డ ఉంటే నా మనవి కొద్దిపాటిది. బడి తెరిచిన నెలలోనే ఇంటి పనుల పట్టికను, చదువు పట్టికను పక్కపక్కన పెట్టి చూడండి. బిడ్డ ఏ పాఠంలో ఆగిపోయిందో అడిగి, దాని మూలం ఏ కింది తరగతిలో ఉందో ఉపాధ్యాయులచేత చెప్పించుకోండి. ఆడపిల్ల రోజూ చేసే పనిని గంటలలో లెక్కించండి. ఆ గంటలలో కొన్ని అన్నదమ్ములకు పంచండి. ఇక, మీ బిడ్డ ఏమీ అడగకుండా అన్నీ చేసుకుపోతుంటే సబ్ర్ ఉన్న పిల్ల అని మెచ్చుకునే ముందు, ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని, "నీకేమి కావాలి, బేటీ?" అని అడగండి.