పాంపోర్ పూలు

కశ్మీర్‌లోని పాంపోర్ మెరక నేలల్లో అక్టోబర్ చివర్లో ఊదారంగు పూలు నేలను అంటిపెట్టుకుని విచ్చుకుంటాయి. ఎండ ముదరకముందే కోసి, ఇంటిల్లిపాదీ కూర్చుని పువ్వుకు మూడే ఎర్రటి పోగులు తీస్తారు. ఆ పోగులే కుంకుమపువ్వు. కిలోకు దాదాపు లక్షన్నర పూలు కావాలి. ఆ వేళ్ల ఓపిక తలచుకుంటే ధర ఎక్కువని అనబుద్ధి కాదు. ఈ మొక్కకు విత్తనం కట్టదు. మనిషి దుంపలు తవ్వి నాటుతూ వచ్చాడు కాబట్టే ఇది ఇంతకాలం నిలిచింది.

మన ఇళ్లలో బిడ్డ తెల్లగా పుడుతుందని గర్భిణికి కుంకుమపువ్వు పాలలో వేసిస్తారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. రంగు తల్లిదండ్రుల నుంచి వచ్చేది కదా!

కొన్నది అసలుదో కాదో తెలియాలంటే నాలుగు పోగులు గోరువెచ్చని పాలలో వేసి చూడండి. పాలు మెల్లగా పచ్చబడతాయి, పోగు మాత్రం ఎర్రగానే ఉంటుంది. చిటికెలో రంగంతా వదిలేసి వెలిసిపోతే అది నకిలీ. అసలుదైతే పరమాన్నం దించేముందు కలపండి. ఎక్కువసేపు మరిగితే దాని పరిమళం దక్కదు.