మీటింగులో మైకు ఎవరి చేతిలో ఉంది?

మిక్సీ కొనాలంటే మనం ఎంత ఆలోచిస్తామండీ! ఎన్ని జార్లు, మోటారు ఎన్ని వాట్లు, గ్యారంటీ ఎన్నేళ్లు, చెడిపోతే బాగుచేసే మనిషి మన ఊళ్లో దొరుకుతాడా... ఇవన్నీ పక్కింటావిడనీ ఎదురింటావిడనీ అడిగి తెలుసుకున్నాకే డబ్బు తీస్తాం. అదే, చిన్నదో పెద్దదో వ్యాపారం చేసుకునే ఆడవాళ్లం వీడియో మీటింగుకు ఏ యాప్ వాడాలంటే మాత్రం, "సరుకు కొనేవాళ్లు ఏ లింకు పంపితే అదే" అని నొక్కేస్తాం. ఉచితంగా వచ్చేదానికి బేరమేమిటిలే అనుకుంటాం. కానీ ఈ ఉచితంలోనూ బేరం చూసుకోవలసింది చాలా ఉంది సుమండీ.

దుమ్ముగూడెం మండలంలో ఒక మహిళా సంఘానికి నేను లెక్కలు రాస్తుంటాను. గింజ తీసిన చింతపండు, తేనె, ఇప్పపువ్వు లడ్డూలు మా సరుకు. భద్రాచలం మహిళలు చేసే 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' బిస్కెట్లు లండన్ దాకా వెళ్తున్నాయని 2025 జూన్‌లో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లో చెప్పారు. మీలో చాలామంది వినే ఉంటారు. మాది అంత పెద్ద వ్యవహారం కాదు. మా సరుకు కొనేవాళ్లు హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఉంటారు, అంతే. భద్రాచలం నుంచి హైదరాబాదు మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. 2023 డిసెంబరు నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు గనుక చార్జీలు మిగిలాయి. రోజు మాత్రం మిగల్లేదు. ధర మాట్లాడటానికి ఇద్దరు వెళ్లి వస్తే రెండేసి రోజుల కూలి పోతుంది. అందుకే ఈ వీడియో మీటింగులు.

వీడియో కాన్ఫరెన్సు అన్న మాట మన తెలుగువాళ్లకు కొత్త కాదు లెండి. ఉమ్మడి రాష్ట్రంలో 1990ల చివర్లోనే ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు హైదరాబాదులో కూర్చుని జిల్లా కలెక్టర్లతో మాట్లాడేవారు. అప్పుడది కలెక్టరాఫీసులో పెద్ద తెర ముందు కూర్చునేవాళ్ల సంగతి. మామూలు ఇళ్లలోకి వచ్చింది 2020లో, కరోనాతో. పిల్లల క్లాసుల పుణ్యమా అని జూమ్ పేరు అందరి నోటా నానింది. ఆ ఏప్రిల్‌లోనే కేంద్ర హోంశాఖ, జూమ్ అంత సురక్షితం కాదు, ప్రభుత్వ అధికారులు ఆఫీసు పనికి వాడవద్దు అని చెప్పింది. పిలవనివాళ్లు మీటింగుల్లోకి చొరబడటం అప్పట్లో పెద్ద గోల. తర్వాత పాస్‌వర్డు, గుమ్మం బయట కూర్చోబెట్టే 'వెయిటింగ్ రూమ్' వంటివి బిగించారు. పాతకాలపు స్కైప్‌నైతే 2025 మే నెలలో మూసేశారు. ఇంకా ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే తీసేయండి, చోటైనా కలిసొస్తుంది.

ఇక డబ్బు కట్టకుండా వాడుకునేవాళ్లకు ఏది ఎలా ఉంటుందో చెబుతాను. జూమ్‌లో నూరుమంది దాకా చేరవచ్చు గానీ నలభై నిమిషాలకు మీటింగు ఆగిపోతుంది. గూగుల్ మీట్‌లోనూ నూరుమందే, ముగ్గురో అంతకు మించో ఉంటే గంట. ఇద్దరే మాట్లాడుకుంటే దాదాపు అడ్డే లేదు. మైక్రోసాఫ్ట్ టీమ్స్ కూడా గంటే ఇస్తుంది. కానీ మా సభ్యుల చిన్న ఫోన్లలో అది తెరుచుకునే లోపు పొయ్యి మీద ఎసరు కాగుతుంది. వాట్సాప్‌లో ఒక కాల్‌కు ముప్ఫై ఇద్దరు. దానికి గంటా నిమిషమూ లెక్క లేదు.

నలభై నిమిషాలు చాలవా అంటారేమో. పట్నంలో చాలవచ్చు. మా దగ్గర మొదటి పదిహేను నిమిషాలూ "అక్కా, వినపడుతోందా?" "ఆ, నీ బొమ్మ ఆగిపోయింది" అనుకోవడానికే సరి. తర్వాత కుశలాలు. అసలు ధర మాట వచ్చేసరికి ముప్ఫై అయిదో నిమిషం. అవతలివాళ్లు "తొందరగా తేల్చండమ్మా, కట్ అయిపోతుంది" అంటారు. తొందరలో తేల్చిన బేరం ఎవరికి లాభమో మీకు వేరే చెప్పాలా? అదే లింకుతో మళ్లీ చేరవచ్చు, నిజమే. కానీ చర్ల వైపు సభ్యురాలు మళ్లీ చేరాలంటే మళ్లీ గుట్టెక్కాలి.

అయినా, టైము కన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది.

2024 వేసవిలో చింతపండు కోసం ఒక హైదరాబాదు కంపెనీవారు మీటింగు పెట్టారు. లింకు వాళ్లదే, డబ్బు కట్టిన ప్లాను, టైము బాధ లేదు. మనకేమీ ఖర్చు లేదు కదా అని మావాళ్లు సంతోషించారు. డబ్బు కట్టవలసింది పిలిచేవాళ్లే గానీ వచ్చేవాళ్లు కాదు గదా. మా వైపు ఏడు ఫోన్లు, ఒక్కో ఫోన్ ముందు ఇద్దరేసి ముగ్గురేసి. కోళ్ల అరుపులు, పిల్లల ఏడుపులు. అవతలాయన "శబ్దం ఎక్కువగా ఉందమ్మా" అని అందరి మైకులూ ఆపేశాడు. మేమై మేము తెరుచుకోవడానికీ వీల్లేకుండా పెట్టాడు. ఆ తర్వాత ధర చెప్పాడు, తేమ కింద క్వింటాలుకు ఐదు కిలోల తరుగు తీస్తామన్నాడు. తెర మీద మా పెద్దమ్మ ఒకావిడ చెయ్యి ఊపుతూనే ఉంది. ఆవిడకు చింతపండు సంగతి మా అందరికన్నా ఎక్కువ తెలుసు. ఆ చెయ్యి ఊపడం నమస్కారం అనుకున్నట్టున్నాడు, ఆయన కూడా చెయ్యి ఊపాడు! సాయంత్రానికి వాట్సాప్‌లో కాగితం వచ్చింది: 'సభ్యులందరూ అంగీకరించారు'.

మా లీడరక్క ఆ కాగితం చూసి, "ఏందిది, ఒక్కరైనా నోరు తెరిచినమా?" అంది. మర్నాడు ఫోన్ చేసి, మళ్లీ మాట్లాడాలని గట్టిగా చెప్పింది. ఈసారి లింకు మేం పంపాం. గూగుల్ మీట్, మా సంఘం జీమెయిల్ మీద. పెద్దమ్మ మైకు తెరిచి ఒక్కటే అడిగింది: "బాబూ, పెంకు తీసి, గింజ కొట్టి, ఈనెలు లాగి, రెండెండలు చూపించినాక తూకం పెడుతున్నం. ఎండిన పండుకు మళ్ళీ తేమ తరుగు ఏంది? మొదటి వారం పండుకైతే అడుగు, ఇస్తం." పాపం ఆయనా మంచివాడే, ఎవరూ చెప్పక తెలియలేదంతే. తరుగు రెండు కిలోలకు దిగింది, తూకం మా ఎదుటే అని రాసుకున్నారు. క్వింటాలుకు మూడు కిలోలు, ఆ వేసవి మొత్తం మీద ఎంతో మీరే లెక్కేసుకోండి.

అప్పటి నుంచీ ఏ యాప్ అయినా సరే, పిలుపు మాదే. పిలిచినవారి చేతిలోనే మైకు ఆపడం, తలుపు తీయడం, మనిషిని బయటికి పంపడం అన్నీ ఉంటాయి. జూమ్‌లో ఈ పెత్తనం పకడ్బందీగా ఉంటుంది. మీట్‌లోనూ ఉంది. వాట్సాప్‌లో మాత్రం ఒకరి మైకు ఇంకొకరు ఆపినా, ఆ మనిషి తనే మళ్లీ తెరుచుకోవచ్చు. అందుకే మాలో మేము మాట్లాడుకోవడానికి వాట్సాపే. రికార్డు కావాలంటే చిక్కే. ఉచిత మీట్‌లో రికార్డింగు లేదు, ఉచిత జూమ్‌లో కంప్యూటరు ఉంటేనే. మేం తీర్మానాల పుస్తకంలో రాసుకుని, మీటింగు ముగిసే ముందే గట్టిగా చదివి వినిపిస్తాం. ఇది ఏ యాప్‌లోనైనా పనిచేస్తుంది.

సిగ్నలు తక్కువ ఊళ్లవాళ్లకు ఒక చిట్కా. జూమ్ వాళ్ల లెక్క ప్రకారమే, బొమ్మతో మాట్లాడితే సెకనుకు 600 కిలోబిట్లన్నా కావాలి, ఉత్త మాటకు 60 నుంచి 80 చాలు. అంటే బొమ్మ ఆపితే ఏడెనిమిదో వంతులో పనైపోతుంది. ముందు ఒకసారి మొహాలు చూసుకుని పలకరించుకోండి, ఆ తర్వాత కెమెరా ఆపేయండి. ఫోన్‌ను స్టీలు గిన్నెలో నిలబెట్టకండి. పాట బాగా వినిపిస్తుంది గానీ, మన మాట అవతలికి బావిలోంచి వచ్చినట్టు వెళ్తుంది. చెక్క పీట మీద పెట్టండి. ఒకే గదిలో రెండు ఫోన్లు తెరిస్తే 'కుయ్'మని చెవులు చిల్లులు పడతాయి.

కెమెరా కావలసిన చోటూ ఉంది. కొత్త చింతపండు ఎర్రగా ఉంటుంది, పాతబడితే నల్లబడుతుంది. అది చూపించాలంటే పొద్దున ఎండలో, తెల్ల గుడ్డ మీద పరిచి చూపించాలి. ట్యూబులైటు కింద నిక్షేపంలాంటి కొత్త పండు కూడా నిరుటిదానిలా కనిపిస్తుంది. తేమ మాత్రం ఎంత ఖరీదు కెమెరాకీ అందదు, పిడికిట్లో నొక్కి చూడవలసిందే. కనుక కిలో సరుకు ముందే ఆర్టీసీ కార్గోలో పంపి, అది వాళ్ల చేతిలో ఉండగా మీటింగు పెడతాం.

ఇవేవీ పనిచేయని రోజులూ ఉంటాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఆ నాలుగు రోజులూ ఎవరింట్లో ఎంత సరుకు తడవకుండా ఉందో తెలుసుకున్నది బటన్ ఫోన్ల మీదే. మామూలు కాల్‌లోనే ఒకరి తర్వాత ఒకరిని కలుపుకుంటూ పోతే సాధారణంగా ఐదుగురి దాకా చేరతారు. అప్పటికి మాలో సగం మందికి ఆ సదుపాయం ఉందనే తెలియదు. ఇప్పటికీ ధర మాట్లాడే రోజున స్మార్ట్‌ఫోన్ లేని ముగ్గురిని అలాగే కలుపుకుని, ఆ ఫోన్ మైకు పక్కన పెడతాం. మాట కాస్త గరగరలాడుతుంది. అయినా వినిపిస్తుంది.

మీటింగు రోజు సభ్యుల ఫోన్లకు వేయించే రీచార్జిని సంఘం పద్దులో 'సమావేశం ఖర్చు' కింద రాస్తున్నాను. లెక్కలు చూడటానికి వచ్చినాయన పోయినసారి అది చూసి, "సమావేశం అంటున్నారు, టీ ఖర్చు ఏదమ్మా?" అని అడిగారు. ఎవరింటి టీ వాళ్లే తాగామండీ అన్నాను.