కొత్త ఆట వస్తోందట, మన సర్వర్ ఎక్కడ?

ఏమండీ, ఇంకో ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ ఆట వస్తోందట, విన్నారా? మీ ఇంట్లో కాలేజీ కుర్రాడో, కరామాలో మీ పక్కగది అకౌంటెంటో ఈపాటికి చెప్పే ఉంటాడు. కత్తులు, మంత్రాలు, గుర్రాలు, కోటలు, వేలమంది ఒకే లోకంలో ఒకేసారి తిరగడం. ఇలాంటివి ఇప్పటికే బోలెడున్నాయి కదా, మళ్ళీ ఇంకొకటి దేనికి అంటారా? దుబాయ్‌లోనో షార్జాలోనో కూర్చుని ఆడేవాళ్ళను అడిగి చూడండి. బజారు నిండా ఆటలే గానీ, మనకు దగ్గర్లో నడిచేవి అరుదు అంటారు. వాళ్ళ మాట నిజం.

ఎందుకో చెప్తాను. ఈ ఆటలో ఏం జరిగిందన్నది తేలేది మీ ఫోన్‌లో కాదు, ఎక్కడో ఉన్న సర్వర్‌లో. మీరు కత్తి దూస్తే ఆ కబురు అక్కడికి వెళ్ళాలి, దెబ్బ తగిలిందో లేదో తేలాలి, జవాబు తిరిగి రావాలి. ఈ రాకపోకలకు పట్టే సమయాన్నే ఆడేవాళ్ళు పింగ్ అంటారు. ఫైబర్ కేబుల్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. దుబాయ్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు తిన్నగా లెక్కేసినా 4,800 కిలోమీటర్లు. అంటే రానూపోనూ దాదాపు 50 మిల్లీసెకన్లు. కేబుల్ మాత్రం తిన్నగా పోదు. అరేబియాను చుట్టి, ఎర్రసముద్రం గుండా వెళ్ళి, ఈజిప్టు దాటి, మధ్యధరాలో పడుతుంది. అలా పింగ్ మామూలుగానే 100 దాటేస్తుంది. రాక్షసుడు గద ఎత్తగానే పక్కకు దూకాల్సినవాడికి అది పెద్ద తేడా. తన స్క్రీన్ మీద సమయానికి దూకినవాడు సర్వర్ లెక్కలో అప్పటికే చచ్చి ఉంటాడు.

2025 సెప్టెంబర్‌లో జెడ్డా దగ్గర ఎర్రసముద్రంలో కేబుళ్ళు తెగినప్పుడు ఇక్కడ నెట్ ఎలా నీరసించిందో గుర్తుందా? మెయిల్ అయితే ఆలస్యంగానైనా చేరుతుంది. గిల్డ్‌లో, అంటే కలిసి ఆడే జట్టులో, గాయాలు మాన్పే హీలర్ పని ఒప్పుకున్నవాడు మాత్రం రెండు సెకన్లు ఆగిపోతే జట్టంతా నేలకూలుతుంది. ఆ మర్నాడు వాణ్ణి రెయిడ్‌కు, అంటే జట్టంతా కలిసి చేసే దాడికి, పిలవడానికి వెనకాడతారు. నాకు బాధ కలిగించేది ఇదే. వాడి చేతిలో లోపమేమీ లేదు.

పెద్ద ఆటల సంగతే చూద్దాం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004 నవంబర్‌లో మొదలై, 2010కల్లా కోటీ ఇరవై లక్షల చందాదారులకు చేరింది. అమెరికాకు, యూరప్‌కు, కొరియాకు, తైవాన్‌కు, చైనాకు దాని సర్వీసులు ఉన్నాయి, గల్ఫ్‌కు లేదు. ఫైనల్ ఫాంటసీ 14 జపాన్, అమెరికా, యూరప్‌ల తర్వాత 2022లో ఆస్ట్రేలియా వైపు డేటా సెంటర్ తెరిచింది. ఇటువైపు రాలేదు. 2021 సెప్టెంబర్‌లో అమెజాన్ వాళ్ళ న్యూ వరల్డ్ విడుదలైనప్పుడు స్టీమ్ అనే ఆటల దుకాణంలో ఒకే సమయంలో 9 లక్షల 13 వేలమంది ఆడారు. అప్పుడూ మనవాళ్ళు యూరప్ సర్వర్ల క్యూలోనే నిలబడ్డారు.

దూరంతో పాటు వేళ కూడా కలవదు. యూరప్ గిల్డ్ రాత్రి 8కి రెయిడ్ పెడితే ఇక్కడ 10 గంటలో 11 గంటలో అవుతుంది. పొద్దున్నే జెబెల్ అలీ బస్సు ఎక్కాల్సినవాడు ఏ ధైర్యంతో కూర్చుంటాడు? నిజామాబాద్‌లో తమ్ముడు, షార్జాలో అన్న అనుకోండి. మనకంటే గంటన్నర ముందుండే తమ్ముడు సింగపూర్ సర్వర్‌లో క్యారెక్టర్ చేసుకుంటాడు, అన్న ఫ్రాంక్‌ఫర్ట్‌లో. ఒకే ఆట కొని, ఒకే ఊళ్ళో పుట్టి, ఆ లోకంలో ఎదురుపడలేరు. పోనీ మాట్లాడుకుంటూ ఆడదామా అంటే, ఇక్కడ నెట్ కాల్స్‌కు అనుమతి ఉన్న యాప్‌లు కొన్నే. వాట్సాప్ కాల్ కలవదని మీకు నేను చెప్పక్కర్లేదు. ఏడాదికో రెండేళ్ళకో ఇంటికెళ్ళే మనుషులకు రోజూ ఒక గంట తమ్ముడితో కలిసి ఓ అడవిలో తిరగడం ఎంత విలువైనదో ఆట తయారుచేసేవాళ్ళకు తెలియాలి.

ఇటువైపు చూసినవాళ్ళు అసలు లేరని కాదు. సిరియా కుర్రాళ్ళు మొదలుపెట్టిన గేమ్ పవర్ సెవెన్ కొరియా ఆట ర్యాపెల్జ్‌ను అరబిక్‌లోకి తెచ్చింది. తర్వాత దుబాయ్ నుంచే పనిచేసింది. బ్లాక్ డెజర్ట్ 2017 చివర్లో తుర్కియే, మధ్యప్రాచ్యాలకు కలిపి విడిగా సర్వీసు తెరిచింది. 2011లో అబుధాబిలో స్టూడియో పెట్టిన యూబీసాఫ్ట్, 2017లో గ్రోటోపియాను కొని దాని బాధ్యత ఆ స్టూడియోకే అప్పగించింది. ఒక ఆన్‌లైన్ లోకాన్ని ఇక్కడినుంచి నడపవచ్చని వాళ్ళు చూపించారు.

ఇంత పోటీలో కొత్త ఆట నిలవడం కష్టమే, ఒప్పుకుంటాను. 2014లో వచ్చిన వైల్డ్‌స్టార్ 2018లో మూతపడింది. న్యూ వరల్డ్‌కు ఇక కొత్త కంటెంట్ ఉండదని 2025 అక్టోబర్‌లో చెప్పేశారు. ఫైనల్ ఫాంటసీ 14 మాత్రం 2010లో ఘోరంగా దెబ్బతిని, మొత్తం మళ్ళీ కట్టి 2013లో నిలబడింది. ఆడేవాళ్ళ మొర విన్నారు కాబట్టే అది బతికిందని నా నమ్మకం. ఇలాంటి ఆటకు మనుషులే ప్రాణం. అందుకే అందరూ పోటీపడే చోటనే ఇంకో దుకాణం తెరిచే కంటే, ఎక్కువమంది పట్టించుకోని చోట ముందుగా నిలబడటం తెలివైన పని.

ఇక్కడ సర్వర్ పెట్టడానికి యంత్రాలు లేవనే మాట ఇప్పుడు చెల్లదు. మైక్రోసాఫ్ట్ 2019లో, అమెజాన్ 2022 ఆగస్టులో ఈ దేశంలోనే క్లౌడ్ డేటా సెంటర్లు తెరిచాయి. 2033 నాటికి గేమింగ్‌లో 30 వేల ఉద్యోగాలు కావాలని దుబాయ్ ప్రభుత్వం 2023 నవంబర్‌లో లక్ష్యం పెట్టుకుంది. ఆ ఉద్యోగాలు రావాలంటే ఇక్కడి ఆటగాడికి ఇక్కడే సర్వర్ ఉండాలి.

కాబట్టి ఆ కొత్త ఆట ముందస్తు బుకింగ్‌కు డబ్బు కట్టేముందు సర్వర్ల జాబితా చూడండి. గల్ఫ్ పేరు లేకపోతే, ఎప్పుడు పెడతారో చెప్పమని ఆ కంపెనీకి రాయండి, మీ గిల్డ్‌లో ప్రతి ఒక్కరితోనూ రాయించండి. జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.