హెర్జెన్ సొంతూరు చేరిన నాటకం

వదినగారూ, ఒక్క నిమిషం ఆ బకెట్ కింద పెట్టండి. మొన్న టామ్ స్టాపర్డ్ గురించి చెప్తుంటే మీకు లోపల్నుంచి పిలుపొచ్చింది. మిగతాది చెప్పేదాకా నాకు తోచడం లేదు.

ఆయనే, 2025 నవంబరులో పోయిన ఇంగ్లిష్ నాటకకర్త. పేరుకు ఇంగ్లిష్ గానీ, పుట్టింది చెకోస్లోవాకియాలో, 1937లో, జ్లీన్ అనే ఊళ్లో. అది బాటా కంపెనీ పుట్టిన ఊరు. అవునండీ, మనం చెప్పులు కొనుక్కునే బాటాయే. తండ్రి ఆ కంపెనీలో డాక్టరు. యూదులు కావడంతో, 1939లో హిట్లర్ సైన్యం వచ్చిపడేసరికి సింగపూర్‌కి తరలిపోయారు. జపాన్ వాళ్లు అక్కడికీ వచ్చారు. తల్లి ఇద్దరు మగపిల్లల్ని తీసుకుని మన దేశం చేరింది. తండ్రి ఎక్కిన ఓడ మీద బాంబు పడింది. ఆ తల్లి డార్జిలింగ్‌లో బాటా కొట్టు నడుపుతూ పిల్లల్ని బళ్లో వేసింది. తర్వాత స్టాపర్డ్ అనే ఇంగ్లిష్ మేజర్‌ని పెళ్లాడింది. 1946లో అందరూ ఇంగ్లండు వెళ్లిపోయారు.

అంత తిరిగినవాడు కాబట్టే ఆయన నాటకాలు పరాయి గడ్డ మీద ఆడితే నాకు మరీ ఆసక్తి. అందులోనూ మాస్కో సంగతి.

‘ది కోస్ట్ ఆఫ్ యుటోపియా’ అని మూడు నాటకాలు కలిపి రాశాడాయన. మూడూ ఒక్కరోజే చూడాలంటే మధ్యాహ్నం కూర్చుని రాత్రికి లేవాలి. మన పాత పౌరాణికాలు తెల్లవార్లూ ఆడేవి చూడండి, అలాగన్నమాట. 2002లో లండన్ నేషనల్ థియేటర్‌లో మొదలై, 2006లో న్యూయార్క్ లింకన్ సెంటర్‌కి వెళ్లి ఏడు టోనీ అవార్డులు తెచ్చుకుంది. అందులో మనుషులంతా పందొమ్మిదో శతాబ్దపు రష్యా మేధావులు: హెర్జెన్, బకూనిన్, బెలిన్‌స్కీ, తుర్గేనెవ్. న్యూయార్క్ జనం వాళ్లెవరో తెలుసుకోవడానికి, వాళ్ల మీద ఐజయా బెర్లిన్ రాసిన పాత పుస్తకం కోసం ఎగబడితే, కొట్లలో ప్రతులే లేకుండా పోయాయి!

మాస్కోలో చిక్కు దానికి పూర్తిగా తిరగబడింది. అక్కడ వాళ్ల పేర్లు తెలియనివాళ్లు లేరు. హెర్జెన్‌ని లెనిన్ మెచ్చుకున్నాడు. దాంతో సోవియట్ బళ్లలో తరతరాల పిల్లలు ఆయన్ని విప్లవానికి పూర్వీకుడిగా బట్టీ పట్టారు. పరీక్ష కోసం చదివిన మనిషి మీద ఎవరికి ప్రేమ పుడుతుంది చెప్పండి? అలాంటి ఊరికి ఒక విదేశీయుడు వాళ్ల పెద్దల కథ పట్టుకెళ్లాడు.

2007 అక్టోబరులో, బల్షోయ్ థియేటర్ పక్కనే ఉన్న రష్యన్ అకడమిక్ యూత్ థియేటర్‌లో ఆడారు. ఒకప్పుడు అది పిల్లల థియేటరు. దర్శకుడు అలెక్సీ బొరోదిన్. స్టాపర్డ్ స్వయంగా వెళ్లి రిహార్సల్స్‌లో కూర్చున్నాడు. ఆ నాటకాలు అక్కడ ఏళ్ల తరబడి ఆడాయి.

నన్నడిగితే మూడింట్లో రెండోదే గొప్పది. మొదటిదాంట్లో పేర్లు గుర్తుపెట్టుకునేసరికే సగం అయిపోతుంది. రెండోది ఇంటి కథ. హెర్జెన్ భార్యాబిడ్డలతో 1847లో రష్యా దాటాడు, మళ్లీ ఆ గడ్డ మీద కాలు పెట్టలేదు. పారిస్‌లో విప్లవం ఓడిపోవడం కళ్లారా చూశాడు. ఈలోపు భార్య నతాలీ, ఇంటికి వచ్చిపోయే జర్మన్ కవి మీద మనసు పడింది. ఆ పుండు మానకముందే 1851లో ఓడ మునిగింది. హెర్జెన్ తల్లి, చిన్నకొడుకు కోల్యా, ఇద్దరూ పోయారు. ఆ పిల్లాడికి చెవులు వినపడవండీ. వాడికి మాటలు నేర్పించాలని తల్లిదండ్రులు పడ్డ తాపత్రయం చదువుతుంటే గుండె పట్టేస్తుంది. మరుసటేడు నతాలీ కూడా పోయింది. అలాంటి మనిషి మళ్లీ లేచి, లండన్‌లో అచ్చు యంత్రం పెట్టుకుని, ‘కోలకోల్’ పత్రిక అచ్చేసి దొంగచాటుగా రష్యాకి పంపాడు.

ఇదంతా ఆ ఊరి పాఠ్యపుస్తకాల్లో మరుగున పడింది. స్టాపర్డ్ బయటివాడు కాబట్టి ఆ విగ్రహాలకు దండం పెట్టాల్సిన పని ఆయనకు లేదు. హెర్జెన్‌ని భర్తగా, బిడ్డ పోయిన తండ్రిగా చూశాడు. అలా చూసిన మనిషిని మాస్కోకి తిరిగి అప్పగించాడు. పరాయి భాషవాడు చేయగలిగిన ఉపకారాల్లో ఇంతకన్నా పెద్దది నాకైతే కనిపించదు.

ప్రాగ్ సంగతీ ఉందండోయ్. 1968లో రష్యా ట్యాంకులు వచ్చాక అక్కడ ఎందరో నటుల్ని రంగస్థలం ఎక్కనివ్వలేదు. వ్లాస్తా ఖ్రమోస్తోవా అనే నటి తన ఇంట్లోనే షేక్స్పియర్ ‘మాక్బెత్’ ఆడించింది. దాన్ని ఇంట్లో పట్టేలా కుదించి రాసింది పావెల్ కోహౌట్. స్టాపర్డ్ దాని మీద 1979లో ‘కాహూట్స్ మాక్బెత్’ రాశాడు. ఆయన ‘రాక్ అండ్ రోల్’ 2007లో ప్రాగ్ నేషనల్ థియేటర్‌లోనే ఆడింది. తాను పుట్టిన దేశపు భాష అప్పటికి ఆయనకు పోయింది, నాటకం మాత్రం ఆ భాషలో పలికింది.

మన దేశం మీదా రాశాడు. 1930 నాటి కథ, ‘ఇండియన్ ఇంక్’. ఇంగ్లిష్ కవయిత్రి ఫ్లోరా, ఆమె బొమ్మ గీసే నిరద్ దాస్. లండన్‌లో ఆడింది, శాన్ ఫ్రాన్సిస్కోలో ఆడింది, న్యూయార్క్‌లో ఆడింది. రవీంద్రభారతిలో తెలుగులో ఆడితే చూడాలని నాకెంత కోరికో! మన నాటక సమాజాల కుర్రాళ్లు ఎవరైనా పూనుకుంటే నిరద్ దాస్ పాత్రకు నటులు దొరక్కపోరు. పుస్తకం మా అల్మారాలో ఉంది, సాయంత్రం పంపిస్తాను. అతను ఇంగ్లిష్ వాళ్లని అనుకరించబోతే ఫ్లోరా కోప్పడే ఘట్టం మాత్రం పైకి చదవండి వదినగారూ, అన్నయ్యగారూ వింటారు.