మెట్టుగుట్ట నీడన... పులులూ మేకలూ!

వరంగల్ నుంచి హైదరాబాద్ దారిలో కాజీపేట దాటగానే మడికొండ. కాళోజీ పెరిగిన ఊరు. మెట్టుగుట్టపై రామలింగేశ్వరుణ్ణి దర్శించుకుని, పేర్చినట్టు నిలిచిన బండరాళ్లను చూశాక నీడపట్టున కూర్చుంటే... ఓ యుద్ధం చేయొచ్చు!

విదేశాల్లో నెపోలియన్ కాలపు సైనికుల బుల్లి బొమ్మలకు రంగులేసి బల్లపై యుద్ధాలాడటం కొందరికి సరదా. బొమ్మ సైనికుల పోరుకు నియమాలు చెబుతూ హెచ్.జి.వెల్స్ 1913లోనే పుస్తకం రాశాడు. మన పులి-మేకకు అంత ఖర్చక్కర్లేదు. 23 కూడళ్లుండేలా గీసిన గీతలు, పులులుగా 3 రాళ్లు, మేకలుగా 15 చింతగింజలు చాలు. పులి మేక మీదుగా దూకి చంపేస్తుంది. మేకలన్నీ కలిసి పులిని కదలకుండా కట్టేస్తాయి. బలం ఒకవైపు, కట్టు మరోవైపు!

తాతలకు తెలిసిన ఈ ఎత్తులు చాలామంది మనవలకు తెలియవు. ఈసారి గుట్టకెళ్తే నేర్పించండి. గీతలు మాత్రం గుడి బండలపై వద్దు... కాగితం పట్టుకెళ్లండి.