మర్కజ్ అంటే కేంద్రమే

మాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇంట్లో వింటున్న మాట 'మర్కజ్'. అబ్బా ఆదోని పత్తి మండీలో గుమాస్తా. పొద్దున్నే చాయ్ పక్కన పెట్టుకుని ఉర్దూ పేపరు పైకి చదివేవారు. 'మర్కజీ హుకూమత్' ఇలా చేసింది, 'మర్కజీ వజీర్' అలా అన్నాడు అని. కేంద్ర ప్రభుత్వం, కేంద్ర మంత్రి. మర్కజ్ అంటే కేంద్రం. అంతే. ఆ మాట వింటే మాకు పార్లమెంటు గుర్తొచ్చేది, పెరిగిన కిరసనాయిలు ధర గుర్తొచ్చేది. రోగం గుర్తొచ్చేది కాదు.

2020 మార్చి ఆఖరులో ఆ మాట మా చేతుల్లోంచి పోయింది. పోగొట్టినవాళ్లలో మేమూ ఉన్నాం. ఆ సంగతి ఒప్పుకోడానికే ఇది రాస్తున్నాం.

మా ఊరి మాటల గురించి ముందు కొంచెం చెప్పాలి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. అందుకని ఇక్కడ ఒకే మనిషి కన్నడంలో పలకరించి, తెలుగులో బేరమాడి, ఉర్దూలో లెక్క తేలుస్తాడు. అబ్బా రాసే లెక్కల పుస్తకం తెరిస్తే జమా, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, దలాలీ, హమాలీ. రాసింది తెలుగు లిపిలో. పత్తి తెచ్చినాయన ఆలూరు దిక్కు పల్లె నుంచి బండి కట్టుకొచ్చిన బోయాయన. ఆయన్ని 'రైతు' అంటామే, ఆ మాటా అరబ్బీ నుంచి వచ్చిందే. జిల్లా, తాలూకా, ఖరీఫు, రబీ, ఎన్నికలప్పుడు నాయకులిచ్చే హామీ అన్నీ ఆ దారినే వచ్చాయి. ఈ మాటల మతమేమిటని ఎవరూ అడగలేదు. వాటితో అందరికీ పనుంది కాబట్టి. మాటకి మతం పుట్టుకతో రాదు. ఎవరికో అవసరం పడ్డప్పుడు అంటగడతారు.

2020లో మేం ఒక తెలుగు దినపత్రిక డెస్కులో ఉన్నాం. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. నెలాఖరుకి ఢిల్లీ నిజాముద్దీన్‌లోని తబ్లీగీ జమాత్ మర్కజ్ సంగతి బయటికొచ్చింది. అక్కడికి వెళ్లొచ్చినవాళ్లలో మా కర్నూలు జిల్లావాళ్లూ ఉన్నారు. ఏప్రిల్‌లో మా జిల్లా రాష్ట్రంలోనే ఎక్కువ కేసులున్న జిల్లాగా వార్తలకెక్కింది. ఇది నిజం. దీన్ని దాచమని మేం ఎవర్నీ అడగడం లేదు. రోగం పాకుతున్నప్పుడు గుంపులు కూడొద్దని మా బంధువులతో మేమూ పోట్లాడినవాళ్లమే.

నిజం ఒకటి. దానికి తొడిగే మాట ఇంకొకటి. ఆ రాత్రి విలేఖరి ఫోనులో అంకెలు చెప్పాడు. శీర్షికకి రెండు కాలాల జాగా. 'ఢిల్లీ వెళ్లి వచ్చినవారికి పరీక్షలు' అని రాస్తే పట్టలేదు. 'మర్కజ్ కేసులు' అని రాస్తే పట్టింది. జాగా సరిపోయిందని సంతోషపడ్డాం కూడా. ఆ ఒక్క శీర్షికతో అబ్బా చదివిన మర్కజ్ చచ్చిపోయింది. మర్నాటి నుంచి ఆ మాట రోగానికీ, మాకూ కలిపి పెట్టిన ఒకే పేరు.

కేంద్ర ఆరోగ్యశాఖ సాయంత్రాలు అంకెలు చదివేది. ఏప్రిల్ 18న, మొత్తం 14,378 కేసుల్లో 4,291 ఆ సమావేశంతో ముడిపడ్డవని చెప్పింది. అంకె అబద్ధమని మేం అనం. కానీ పరీక్షలకి కిట్లు కొరతగా ఉన్న ఆ రోజుల్లో ఎవరికి చేశారు? జాబితాలు రాసి, ఇల్లిల్లూ వెతికి, ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లకీ వాళ్లతో మెలిగినవాళ్లకీ చేశారు. అది చెయ్యాల్సిన పనే. అయితే ఒక బావిలోనే చేద వేసి, ఊళ్లో నీళ్లన్నీ ఆ బావిలోనే ఉన్నాయంటే ఎలా? ఈ ప్రశ్న వెయ్యాల్సింది మేం. మేం వెయ్యలేదు. రోగాన్ని ఏ మతానికీ, ఏ ప్రాంతానికీ అంటగట్టొద్దని అదే ఆరోగ్యశాఖ ఏప్రిల్ 8న సలహా ఇచ్చింది. దాన్ని లోపలి పేజీలో నాలుగు లైన్లు వేశాం. ఈలోపు ఫోన్లలో 'కరోనా జిహాద్' అనే మాట ఊళ్లు తిరిగేసింది.

అది ఎమ్మిగనూరులో మా మామూ బండి దగ్గరికీ వచ్చింది.

ఎమ్మిగనూరు నేతగాళ్ల ఊరు. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘంతో పేరుపడ్డ ఊరు. ఆ మగ్గాల వీధుల్లో మా మామూ ఇరవై ఏళ్లుగా అరటిపండ్ల బండి తోస్తున్నాడు. ఏ ఇంట్లో కోడలు నెల తప్పిందో, ఏ ఇంట్లో ముసలాయనకి చక్కెర జబ్బో ఆయనకి తెలుసు. లాక్‌డౌన్‌లో పొద్దున కాసేపు అమ్ముకోడానికి వదిలేవాళ్లు. ఒకరోజు వీధి మొగదలే ఒకామె ఎదురొచ్చింది. రోజూ డజను పండ్లు తీసుకునే మనిషి.

"సాయిబన్నా, కొన్నాళ్లు ఈ దిక్కు రావాకన్నా. తప్పుగా అనుకోవాక. పేపర్లో గూడా పడింది."

ఆమె చెడ్డ మనిషి కాదు. ఇంట్లో చంటిపిల్ల ఉంది, భయపడింది. మామూ ఏమీ అనలేదంట. బండి తిప్పుకున్నాడు. పండ్లు మాగి నల్లబడితే మేకలకేశాడు. ఢిల్లీ మాట అటుంచండి, ఆయన కర్నూలు చూసే ఏళ్లయ్యింది.

రాత్రి ఫోను చేశాడు. "క్యా బేటా, ఓ పేపర్ మే తూచ్ లిఖ్యా కతే?" ఆ పేపర్లో నువ్వే రాశావంట గదా, అని. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. మేం ఏదో చెప్పాం. జాగా చాలలేదని మాత్రం చెప్పలేకపోయాం.

తర్వాతేమైంది? 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీద పెట్టిన కేసులు కొట్టేసింది. వాళ్లని బలిపశువుల్ని చేసినట్టుందని వ్యాఖ్యానించింది. 2025 జులైలో ఢిల్లీ హైకోర్టు, వాళ్లకి ఆశ్రయమిచ్చిన 70 మంది భారతీయుల మీది కేసులూ కొట్టేసింది. ఈ తీర్పులు మగ్గాల వీధి దాకా రాలేదు. నింద వేసిన మాట రెండు కాలాల శీర్షికగా వెళ్తుంది. దాన్ని కొట్టేసిన మాట అయిదేళ్లకి, మూలన, చిన్నక్షరాల్లో వెళ్తుంది.

ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి. 'ఓటు బ్యాంకు' అంటారు. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1955లో మైసూరు పల్లె గురించి రాస్తూ వాడిన మాట అది. తన కింద ఉన్నవాళ్ల ఓట్లు వేయించే ఊరి పెద్ద గురించి అన్నది. ఇప్పుడు ఆ పెద్ద మాయమయ్యాడు, సాయిబు మిగిలాడు. 'బుజ్జగింపు' అంటారు. 2006లో సచార్ కమిటీ లెక్క తీస్తే, జనాభాలో 13.4 శాతమున్న ముస్లింలు ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. ఇంతకాలం బుజ్జగిస్తే చేతికొచ్చింది ఇదన్నమాట.

'మత రిజర్వేషన్' సంగతీ అంతే. 2007 చట్టంలో ఉన్నది ధోబీ ముస్లింలు, హజాంలు, ఫకీరు సాయిబులు, రాళ్లు కొట్టే తురక కాషాలు. సయ్యద్‌లు, పఠాన్‌లు, మొగల్‌లు అందులో లేరు. ఆ జాబితాలో సిద్దీలున్నారు. ఆదోనిలో షాహీ జామియా మసీదు కట్టించిన సిద్ది మసూద్ ఖాన్ పేరులో ఉన్న సిద్దీలే. మాలోనూ చాకలీ మంగలీ ఉన్నారని ఒప్పుకున్న చట్టమది. 2024 ఎన్నికల వేదికల మీద దాన్ని 'మతం' అనే ఒక్క మాటలో చుట్టేశారు. ఒక్కసారి అలా చుట్టేశాక లోపల ఎవరున్నారో విప్పి చూసే ఓపిక ఎవరికుంటుంది?

మావాళ్లేం తక్కువ తినలేదు. జల్సాల్లో మైకు దొరికితే 'ఖౌమ్ ఖత్రేమే హై' అంటారు. జాతి ప్రమాదంలో ఉందని. మా మామూకి మునిసిపాలిటీ నీళ్లు నాలుగురోజులకోసారి వస్తాయి. ఆ ప్రమాదం గురించి ఆ మైకులో ఒక్క ముక్కా వినపడదు. మా లౌకిక మిత్రులున్నారు. 'నువ్వు అందరిలాంటి ముస్లింవి కాదులే' అని ప్రేమగా భుజం తడతారు. ఆ 'అందరూ' ఎవరు మిత్రమా? మా అబ్బానా, మామూనా?

మొన్న డెస్కులో ఒక కుర్రాడు రాశాడు: 'ఒక వర్గానికి చెందిన యువకులు గొడవకు దిగారు'. గొడవలు పెరగకూడదని, మతం పేరు రాయకూడదని పెట్టుకున్న పద్ధతి అది. మంచి ఉద్దేశమే. "ఏ వర్గం?" అని అడిగాం. వాడు తలొంచుకుని, "మీకు తెలుసు గదా సార్" అన్నాడు. తెలుసు. చదివేవాళ్లందరికీ తెలుసు. పేరు రాయకుండానే వేలు చూపించే మాట అది. కొట్టేసి, పార్కింగు దగ్గర రెండు కుటుంబాలు కొట్టుకున్నాయని రాయించాం. జరిగింది అదే కాబట్టి. శీర్షికకి జాగా చాలలేదు. ఇంకో కాలం అడిగి తీసుకున్నాం.

మామూ మళ్లీ ఆ వీధికి పోతున్నాడు. ఆమె మళ్లీ పండ్లు కొంటోంది. ఇద్దరూ ఆ రోజు సంగతి ఎత్తరంట. మాతో కూడా మామూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అబ్బా ఉండుంటే పుస్తకం తీసి మా పేరు ఎదురుగా ఆ లెక్క రాసిపెట్టేవారు. మేం ఆయనకి బాకీ ఉన్నాం.