సూర్యుడు వెనక, సముద్రం ముందు

మన తీరంలో సూర్యుడు సముద్రంలో మునగడు. పిల్లలు ఫోన్లలో చూసే ఆ ఎర్రటి అస్తమయాలు ఎక్కువగా గోవావో, కేరళవో. బంగాళాఖాతం మనకు తూర్పున ఉంది. పొద్దున నీళ్లలోంచి లేచిన సూర్యుడు సాయంత్రం మన వీపు వెనక చెట్ల చాటుకు దిగిపోతాడు. "అట్లయితే సాయంత్రం బీచికి పోయి ఫొటో తీసేదేముందమ్మా?" అని మా పాప అడిగింది. మీ ఇంట్లోనూ ఎవరైనా అడిగితే, తూర్పుకే తిరిగి నిలబడమనండి.

మేముండేది తిరుచానూరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు తిరుపతి జిల్లాకు సముద్రతీరం కూడా వచ్చింది. పాప ఇప్పుడు పదో తరగతి, వచ్చే జూన్‌లో ఇంటర్‌కు హాస్టల్‌లో చేరుతుంది. మిగిలిన ఆదివారాలను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్న ఇల్లు మాది. అందులో ఒకటి తీసి, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా తూపిలిపాళెం బీచికి వెళ్లాం.

ముందు వారమంతా ఇంట్లో సీలింగ్ ఫ్యానుతో సాధన చేసింది. షట్టర్ సెకనులో ఐదువందలో వంతు తెరిస్తే రెక్కలు ఆగిపోయినట్టు కనిపించాయి. పావు సెకను తెరిస్తే రెక్కలు పోయి గుండ్రటి పొగ మిగిలింది. మీరూ చేసి చూడండి, ఖర్చేమీ లేదు, కరెంటు తప్ప.

బీచిలో ట్రైపాడ్ కాళ్లు తడి ఇసుకలో దిగిపోతుంటాయి. గట్టిగా నొక్కి, కుదురుకున్నాకే కెమెరా పెట్టాలి. ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్ 11. బటన్ నొక్కిన చేతి అదురు బొమ్మలో పడకుండా రెండు సెకన్ల టైమర్. కెమెరా చూసేవాళ్లకు అల కనబడదు కనుక, అలల మీదే కన్నేసి ఉండే పెద్దవాళ్లు ఒకరు పక్కన తప్పనిసరి. మాకు ఆ పని వాళ్ల నాన్నది.

సూర్యుడు దిగిన కాసేపటికి ఎదురుగా సముద్రం మీద గులాబీ రంగు పట్టీ లేచింది. దాని కింద బూడిద నీలం. ఆ నీలం మబ్బు కాదు, భూమి నీడ! సూర్యుడు వెనక కిందికి పోయేకొద్దీ నీడ ముందు పైకి వస్తుంది. చంద్రగ్రహణం పాఠంలో చదివిన నీడను పాప అలా నోరు తెరుచుకుని చూసింది.

వెలుగు తగ్గేకొద్దీ షట్టర్‌ను ఎక్కువసేపు తెరవాల్సి వస్తుంది. పది నిమిషాలకు అర సెకను చాలింది. అల వెనక్కి జారేటప్పుడు తీస్తే నురుగు దారాల్లా సాగుతుంది. నాకైతే అదే ఇష్టం. ముప్పై సెకన్లు పెడితే నీళ్లు పాలపొగలా మారిపోతాయి. అందంగానే ఉంటుంది, కానీ అందులో సముద్రం చప్పుడు వినబడదు.

చీకటి పడేముందు పాప పొడి ఇసుకలో నిలబడింది. ఎనిమిది సెకన్లు. పదో తరగతి మొదలయ్యాక అంతసేపు తను ఊరికే నిలబడటం నేను చూడలేదు. చున్నీ గాలికి చెదిరింది గానీ మొహం నిలిచింది. పక్కనే అటూ ఇటూ పరిగెత్తిన తమ్ముడు ఫొటోలో అసలు పడనే లేదు.

ఆ ఫొటోనే హాస్టల్‌కు తీసుకుపోతానంటోంది. తమ్ముడేడీ అని ఎవరైనా అడిగితే, ఇసుకలో వాడి అడుగులు చూపిస్తుంది.